రెండో పేజీ

ఇప్పలగూడెం, చర్ల మండలం
ఫిబ్రవరి 11

ఆడబిడ్డ ప్రమీలకు మీ వదిన వనజ రాసేది.

ఇక్కడ నేనూ అత్తా తింటూ తిరుగుతూ ఉన్నాం. అత్తకు మోకాళ్లు పట్టేశాయి గానీ నోరు మాత్రం ఏ మందూ లేకుండానే బాగా పనిచేస్తోంది. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ కోసం క్యాంపు పక్కన గుట్ట ఎక్కాలి. అక్కడ నిలబడి ఇంటి గోడు చెప్పుకుంటే పోలీసులూ వింటారు, మేకలు కాసేవాళ్లూ వింటారు. ఉత్తరమే నయం. పోస్టు లచ్చయ్య వారానికి రెండుసార్లు ఎలాగూ వస్తాడు.

సంగతి ఏమిటంటే, తునికాకు బోనస్ పడిందని తెలిసి మొన్న బ్యాంకుకు పోయాను. మీ అన్నదీ నాదీ కలిపి ఉన్న ఖాతా. అరవై రెండు వేలు ఉండాలి. నూట పద్నాలుగు రూపాయలు ఉన్నాయి. "మీ ఆయన ఎవరి లోన్‌కో హామీ ఉన్నడమ్మా. వాళ్లు కట్టలే. బోనస్ ఆయన పేరు మీద వచ్చింది గద, బాకీల కోసుకున్నరు" అన్నాడు లోపలి అబ్బాయి. ఎవరి లోన్ అని అడిగితే, అది ఖమ్మం బ్రాంచి సంగతి, కాగితం రాసి అడిగితే చెప్తారన్నాడు. బస్సు ఛార్జీకి ఆ నూటపద్నాలుగులోంచే వంద తీసుకుని వచ్చాను.

ఆ డబ్బు దేనికి అనుకున్నామో నీకు తెలుసు. మీ అన్న పోయి రెండేళ్లు దాటింది. రాయి నిలపలేదు, ఊరికి అన్నం పెట్టలేదు. అంతవరకూ ఆయన పెద్దల్లో కలవడనీ, ఎక్కడో దారి పక్కన నిలబడే ఉంటాడనీ అత్త బెంగ. "నేను పోకముందు నా జంపిగాని రాయి చూడాలె" అని రోజుకు నాలుగుసార్లు అంటుంది.

నువ్వు వకీలు సారు దగ్గర టైపు పని చేస్తున్నావు కదా, ఏదైనా దారి ఉంటే చెప్పు. మీ అన్న ఎవరికి హామీ ఉన్నాడో నీకేమైనా తెలుసా? తెలిస్తే అదీ రాయి.

నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించాలి. ఒక్కసారితో ఒప్పుకోదు. రెండోసారి చదివితేగానీ ఆమెకు ఉత్తరం వచ్చినట్టు కాదు.

వనజ


ఖమ్మం
ఫిబ్రవరి 20

వదినకు, అమ్మకు,

దిగులు పడకండి. అడవిలో ఉన్నవాళ్లకు చట్టం తెలియదని బ్యాంకువాళ్ల ధీమా. నేను రోజూ టైపు చేసేది అదే. మా వెంకటనారాయణ సారు దగ్గర ఇలాంటివి ఎన్నో తెగాయి.

ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ముప్పై రోజుల్లో వాళ్లు సరిగా జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మనకు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. అది కాకపోతే వినియోగదారుల కమిషన్. లేదంటే భద్రాచలం కోర్టులో ఉన్న న్యాయ సేవల కమిటీకి దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోవచ్చు. గిరిజనులం కాబట్టి మనకు అక్కడ వకీలు కూడా ఉచితం. కేసులో పస ఉంది వదినా. అన్న పోయాక నువ్వూ అమ్మా కోసిన ఆకు అది. చనిపోయిన మనిషి ఆకు కోయడు కదా. అది మీ కష్టమని నిరూపిస్తే చాలు.

పాస్‌బుక్ కాపీ, అన్న మరణ ధ్రువపత్రం, ఆకు కల్లంలో లెక్క రాసే భద్రయ్య పుస్తకంలో మీ పేజీలు పంపు. ఆకు కోసేవాళ్లకిచ్చే కార్డు ఇంకా అన్న పేరునే ఎందుకు ఉంచారో కూడా రాయి. సారు అదే అడుగుతున్నాడు.

అన్న ఎవరికి హామీ ఉన్నాడో నాకెలా తెలుస్తుంది వదినా? నేను ఊరు వదిలి పద్దెనిమిదేళ్లు అయింది.

అమ్మను మోకాళ్లకు వేన్నీళ్ల కాపడం పెట్టించుకోమను.

ప్రమీలారాణి


ఇప్పలగూడెం
మార్చి 6

ప్రమీలకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అంబుడ్స్‌మన్ దగ్గర నా నాలుక మడతపడింది, అత్త పకపకా నవ్వింది. "నా బిడ్డ కోర్టుల పని చేస్తది, బ్యాంకోడు నా బిడ్డకు జవాబు చెప్పాలె" అని పక్కింటి మంగ్లిని పిలిచి మరీ చెప్పింది. నువ్వు సెషన్స్ జడ్జివని మంగ్లి నమ్మేసింది. నేనేమీ దిద్దలేదు.

కాగితాలన్నీ పెట్టాను. భద్రయ్య పుస్తకం ఇవ్వనన్నాడు, పక్కన కూర్చుని జిరాక్స్ తీయించుకొమ్మన్నాడు. చర్ల దాకా ఆయన్ను బండి మీద కూర్చోబెట్టుకుని పోయి, తీయించి, టీ తాగించి తెచ్చాను. రెండు ఎండాకాలాల లెక్క, ఏ రోజు ఎన్ని కట్టలు ఎవరు తెచ్చారో ఉంది. "వనజ, ముత్తక్క" అని నా పేరూ అత్త పేరే రాసి ఉన్నాయి ప్రతి వరుసలో.

కార్డు ఎందుకు మార్చలేదని సారు అడిగాడన్నావు. సారుకు ఏం చెప్తావో నీ ఇష్టం, నీకు మాత్రం ఉన్నది చెప్తాను. కల్లంలో సాయంత్రం కట్టలు అప్పజెప్పేటప్పుడు భద్రయ్య కార్డు పేరు పెట్టి పిలుస్తాడు. "జంపయ్య!" అంటాడు. నేనో అత్తో "ఆ" అంటాం. మీ అన్న చనిపోయిన ఏడాదే కార్డు మార్పిస్తానని భద్రయ్య అన్నాడు. అత్త వద్దంది. నేనూ వద్దన్నాను. రోజుకు ఒకసారి ఆ పేరు ఎవరో గట్టిగా పిలుస్తుంటే వినడానికి బాగుండేది. ఆ ముచ్చటకే ఇంత అయింది. తెలివితక్కువ పనే, ఒప్పుకుంటాను.

హామీ సంగతి నీకు తెలియదన్నావు కాబట్టి మళ్లీ అడగను. బ్యాంకు జవాబులో పేరు ఉంటుంది కదా, అది వచ్చాక చూద్దాం.

వనజ


ఖమ్మం
ఏప్రిల్ 15

వదినకు,

ఫిర్యాదు ఇచ్చిన ముప్పై నాలుగో రోజున బ్యాంకు జవాబు వచ్చింది. కాగితం ఇందులో పెట్టాను. బోనస్ అన్న పేరున మంజూరైంది కాబట్టి అది అన్న డబ్బేనట. హామీదారు చనిపోయినా అతని ఆస్తి నుంచి వసూలు చేసుకునే హక్కు తమకు ఉందట. ఊహించిందే.

అన్న ఎవరికో హామీ ఉన్నాడు. ఆరేళ్ల కిందటి సంగతి. ఎవరో అడిగి ఉంటారు, పెట్టి ఉంటాడు. అన్న మెతక మనిషి, అడిగితే కాదనలేడు, మనకు చెప్పకుండా ఎవరికో సాయం చేయబోయి ఇరుక్కున్నాడు. ఇప్పుడు అనుకుని ఏం లాభం? పోయినవాణ్ణి తవ్వి తీయొద్దు. మన వాదన మనం చేద్దాం.

పని ఎక్కువగా ఉంది. మళ్లీ వివరంగా రాస్తాను.

ప్రమీలారాణి


ఇప్పలగూడెం
మే 4

ప్రమీలకు,

నీ ఉత్తరం అత్తకు చదివాను. నువ్వు రాసినట్టే చదివాను. మొదటిసారి వినేటప్పుడు మామూలుగానే ఉంది. రెండోసారి "మనకు చెప్పకుండా ఎవరికో" అన్నచోట నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇక చదవొద్దంది. నీ ఉత్తరం సగంలో ఆపమనడం నేను ఎప్పుడూ చూడలేదు.

మూడు రోజులు గడప దాటలేదు. నాలుగో రోజు ఒక్కటే మాట అంది. "నా చేతి యేళ్లు పగిలి కోసిన ఆకు. ఆడు ఎవరికో పెట్టిండు. ఆనికి రాయి గీయి వద్దు." ఆయన బతికి ఉండగా ఒక్కరోజు కసరని మనిషి, చచ్చాక కసిరింది. నేను గంజి పెడితే తాగకుండా అటు తిరిగి పడుకుంది. ఊళ్లో కూడా తలా ఒకటి అంటున్నారు. ఆయనకు చర్లలో ఎవరో ఆడమనిషి ఉందని, ఆమెకే లోన్ ఇప్పించాడని. నోరు ఉన్నవాళ్లంతా ఊళ్లోనే ఉన్నారు, ఆయనకే లేదు.

ఇంకొక్కటి. నువ్వు పంపిన కాగితం అడుగున "రెండింటిలో ఒకటో పేజీ" అని చిన్న అక్షరాల్లో ఉంది. రెండోది కవరులో లేదు. మరిచిపోయి ఉంటావు. పంపు. ఏమున్నా సరే పంపు ప్రమీలా, నేను ఏమీ అనుకోను. అత్తకు మాత్రం త్వరగా ఏదో ఒకటి చదివి వినిపించాలి. రోజురోజుకూ తగ్గిపోతోంది.

ఆకు మొదలైంది. ఈసారి నేనొక్కదాన్నే పోతున్నాను. భద్రయ్య నిన్న కూడా "జంపయ్య" అని పిలిచాడు. ఇంటికి వచ్చాక ఆ మాట అత్తకు చెప్పలేదు.

వనజ


ఖమ్మం
జూన్ 17

వదినకు,

రెండో పేజీలో ఏమీ లేదు, సంతకాలూ స్టాంపులే. అందుకే పెట్టలేదు.

అంబుడ్స్‌మన్‌కు దరఖాస్తు ఇంకా పోలేదు. కొన్ని కాగితాలు తక్కువ ఉన్నాయి, సర్దుతున్నాను. ఊళ్లోవాళ్ల మాటలు పట్టించుకోకు. అమ్మకు నచ్చజెప్పు, రాయి నిలపకుండా ఎలా ఉంటాం అని చెప్పు. రెండు వేలు మనియార్డర్ చేస్తున్నాను, ఆమెకు పండ్లు కొనిపెట్టు.

సారు నిన్న మన ఫైలు తీసి, "ఆ అప్పు తీసుకున్న మనిషి ఎవరో కనుక్కో రాణీ. ఆ మనిషి వచ్చి బాకీ నాదని ఒప్పుకుంటే ఒక్క పూటలో తెగిపోద్ది" అన్నాడు. కనుక్కుంటానన్నాను.

నీకు ఒక మాట రాద్దామని కూర్చున్నాను. పోస్టు వేళ దాటిపోతోంది. ఇంకోసారి రాస్తాను.

ప్రమీల


ఇప్పలగూడెం
ఆగస్టు 29

ప్రమీలకు,

అత్త పోయింది. ఈ నెల ఇరవై ఒకటిన, పొద్దున ఎనిమిదింటికి. ముందు రోజు నుంచే గోదావరి రోడ్డు మీదికి వచ్చింది, బస్సులు ఆగిపోయాయి. వాగు దాటి గుట్ట దాకా పోయి ఫోన్ చేయమని భద్రయ్య కొడుకును పంపాను, కలవలేదన్నాడు. కలిసినా నువ్వు రాలేకపోయేదానివి. రెండో రోజు దాకా ఉంచాం. ఇక ఉంచలేక సాగనంపాం. నీ వంతు మట్టి మంగ్లి వేసింది.

నొప్పి ఏమీ పడలేదు. తెలివి చివరిదాకా ఉంది. ముందు రోజు సాయంత్రం నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "జంపిగాడు నాకెందుకు చెప్పలే? నేనేమన్న తిడ్దునా? అడిగితే నేనే ఇద్దును గద" అంది. అదే మాట మళ్లీ మళ్లీ అంది. రాయి వద్దన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తర్వాత, "పమీల ఉత్తరం వచ్చిందా?" అని అడిగింది. రాలేదన్నాను.

వనజ


ఖమ్మం
సెప్టెంబరు 8

వదినా,

ఈ ఉత్తరం అమ్మకు చదవలేవు. ఇది వినాల్సిన మనిషి పోయాక రాస్తున్నాను. నా బతుకు అంతా ఇంతే.

ఆ అప్పు నాది. ఆరేళ్ల కింద కోర్టు ఎదురుగా జిరాక్స్, టైపింగ్ షాపు పెట్టడానికి రెండు లక్షలు తీసుకున్నాను. హామీ కావాలన్నారు. కబురు చేస్తే అన్న వచ్చాడు. నా కోసం సీసాడు తేనె తెచ్చాడు. బ్యాంకులో ఆయన బొటనవేలి ముద్ర కాగితం మీద పడలేదు. గొడ్డలి పట్టీ పట్టీ గీతలు అరిగిపోయాయి. క్లర్కు మూడుసార్లు వేయించాడు. "నా యేలుకు గూడ అప్పంటే బయమే సారు" అని అన్న నవ్వాడు. క్లర్కు కూడా నవ్వాడు. బయటికి వచ్చాక పూరీ తినిపించాను, బస్సెక్కించాను. "వదినకు చెప్పకు అన్నా, భయపడుతుంది" అన్నది నేనే. ఎందుకు భయం, నువ్వు కడతవు గద అన్నాడు.

నేను కట్టలేదు. మొదటి ఏడాది కట్టాను. కరోనా వచ్చింది, షాపు మూతపడింది, మిషన్లు అమ్మి కిరాయి బాకీ తీర్చాను. బ్యాంకు నోటీసులు వస్తే చింపేశాను. తర్వాత సారు దగ్గర జీతానికి చేరాను. అప్పటినుంచైనా నెలకు కొంత కట్టొచ్చు. కట్టలేదు. అడవిలో ఉన్న జంపయ్య దగ్గరికి ఎవరు పోతారులే అనుకున్నాను. అన్న పోయినప్పుడు, ఇక హామీ కూడా పోయిందిలే అని నాకు ఒక్క క్షణం అనిపించింది వదినా. శవం పక్కన కూర్చుని అనుకున్నాను ఆ మాట. నువ్వు చెంబుతో నీళ్లిస్తే తాగాను.

నీ మొదటి ఉత్తరం చూడగానే నాకు తెలుసు. గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకోకుండా, చట్టాలన్నీ వల్లించి పేజీ నింపాను. ఫోన్‌లో అయితే నా గొంతు పట్టేస్తావని ఉత్తరాలే రాశాను. రెండో పేజీలో ఉన్నది సంతకాలు కాదు. అప్పుదారు: ప్రమీలారాణి, హామీదారుకు చెల్లెలు. అంబుడ్స్‌మన్‌కు బ్యాంకు జవాబు మొత్తం జతచేయాలి. మొత్తం అంటే రెండు పేజీలు. అందుకే పంపలేదు. నా పేరు దాచడానికి అన్న పేరు ముందుకు తోశాను. అమ్మ దాన్నే నమ్మి పోయింది. ఆమె అడిగింది అన్నను కాదు వదినా, నన్ను.

మొన్న ఆ పేజీ సారు చేతికి ఇచ్చాను. చివరిదాకా చదివాడు. "ఇది ఏప్రిల్లో ఇచ్చుంటే మే నెలకు తెగిపోయేదమ్మా" అన్నాడు. ఉద్యోగం తీసేస్తాడేమో అనుకున్నాను. తీసేసినా బాగుండేది. భద్రాచలం కమిటీకి దరఖాస్తు ఆయనే స్వయంగా రాశాడు. నన్ను టైపు చేయమనలేదు.

డిసెంబరు లోక్ అదాలత్‌లో పెడతారు. బాకీ నాదనీ, నా జీతంలోంచి నెలనెలా కడతాననీ రాసి సంతకం పెడతాను. నీ డబ్బు నీకు వస్తుంది. నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

ప్రమీల


ఇప్పలగూడెం
జనవరి 28

ప్రమీలకు,

డబ్బు ఖాతాలో పడింది. ఈసారి ఒక్క నా పేరునే ఉన్న ఖాతాలో.

భద్రాచలంలో నువ్వు నా పక్కనే నిలబడ్డావు. జడ్జిగారు "ఈ అప్పు మీదేనా" అని అడిగితే "నాదే" అన్నావు. బ్యాంకు మనిషి లెక్క చెబుతుంటే నీ చెయ్యి పట్టుకుందామని నా చెయ్యి చాపేలోపు సంతకం పెట్టి బయటికి పోయావు. నేను మెట్లు దిగేసరికి ఖమ్మం బస్సు కదిలిపోయింది. నీకు ఇద్దామని తెచ్చిన తేనె సీసా మళ్లీ ఇంటికే మోసుకొచ్చాను. కాబట్టి ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

నాకు మొదటినుంచీ తెలుసు ప్రమీలా. మీ అన్న కడుపులో మాట దాగుతుందని ఎలా అనుకున్నావు? బ్యాంకు నుంచి వచ్చిన రోజే, కాళ్లు కడుక్కుంటూనే చెప్పేశాడు. "మన పమీల షాపు పెడుతుంది, నా యేలు బలంతోని పెడుతుంది" అన్నాడు. అమ్మకు చెప్పొద్దు, బెంగ పెట్టుకుంటది అన్నాడు. బ్యాంకు అబ్బాయి హామీ అనగానే నాకు అర్థమైంది. నీకు కేసు నడపమని రాయలేదు నేను. నీ నోటితో నువ్వే చెబుతావని రాశాను. నీకేమైనా తెలుసా అని అడిగాను. రెండో పేజీ పంపమన్నాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు కదా, నువ్వు చెప్పడానికి తలుపు తీసి పెట్టాను అనుకున్నాను.

కానీ నా తప్పు లేదా? అత్త కసిరినప్పుడు ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. చెబితే కడుపున పుట్టినదాన్ని, బతికి ఉన్నదాన్ని శపిస్తుంది. చచ్చినవాడికి మాట తగలదు, ఆయనే పడనీ అనుకున్నాను. నా మొగుణ్ణి నేనే నిందలో నిలబెట్టాను, నీ ఉత్తరం వస్తే దించేద్దామని. జూన్‌లో వచ్చింది. అందులో ఏమీ లేదు. అత్తకు అది కూడా రెండుసార్లు చదివాను. రెండోసారి విననంటుందేమో అనుకున్నా గానీ, విన్నది. ఆమె కూడా దేనికోసమో ఎదురుచూసిందేమో, నాకు తెలియదు. ఇప్పుడు అడగడానికి లేదు. నీ మీద కోపం ఉంది. చాలా ఉంది. రోజూ కల్లు ముంతలా పొంగుతుంది, మళ్లీ అణుగుతుంది.

మొన్న ఆదివారం రాళ్లు నిలిపాం. ఒకటి అనుకున్నది రెండయ్యాయి. వాగు అవతలి నుంచి పదిమంది మోసుకొచ్చారు. మీ అన్నది పొడుగు, అత్తది పొట్టి. రెండూ పక్కపక్కనే, దారి వైపు తిరిగి ఉన్నాయి. రాయి వద్దన్న మాట అత్తది, ఆ మాట దాటి నిలిపాను కాబట్టి ఆమెకు జవాబు చెప్పుకోవాలి కదా. అందుకని నీ సెప్టెంబరు ఉత్తరం తీసుకుపోయి అత్త రాయి ముందు కూర్చున్నాను.

చదివాను. ఎప్పుడూ ఆమెకు చదివినట్టే, గట్టిగా, ఆగి ఆగి చదివాను. అన్నానికి వచ్చినవాళ్లు చేతులు కడుక్కుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. చర్లలో ఆడమనిషి ఉందన్నవాళ్లు కూడా విన్నారు. నీ పేరు దగ్గర ఆగలేదు, ఒక్క అక్షరం మార్చలేదు. "నా యేలుకు గూడ అప్పంటే బయమే" అన్నచోట భద్రయ్య నవ్వాడు, నవ్వి, తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. నేను అప్పటిదాకా ఏడవలేదు.

నిన్ను ఎవరూ తిట్టలేదు. మంగ్లి మాత్రం, "జడ్జమ్మ రాలేదా?" అని అడిగింది. వస్తుందన్నాను.

అత్తకు ఒకసారితో సరిపోదని నీకు తెలుసు. నేను ఒకసారే చదివి, ఉత్తరం చూరులో దోపి ఉంచాను. రెండోసారి నువ్వొచ్చి చదువు.

మీ వదిన
వనజ